గాయపడి పడి ఉన్న శత్రువును కాల్చిన సైనికుడు: కోర్టుకు ఈడ్చాలా, వదిలేయాలా?

కృష్ణాతీరం

మొన్న ఇక్కడే ఇంకో చర్చలో ఒకాయన "యుద్ధంలో చంపినందుకు సొంత జవానును జైల్లో పెట్టే దేశం బాగుపడదు" అని రాశారు. చాలామంది మెచ్చుకున్నారు. నాకు ఆ మాట మింగుడుపడలేదు. గాల్లో వాదించుకుంటే ఎవరి పాట వాళ్లు పాడతాం కాబట్టి ఒక కేసు ముందు పెడుతున్నాను. దీని మీద మాట్లాడుకుందాం.

2011 సెప్టెంబర్ 15, అఫ్ఘానిస్తాన్‌లోని హెల్మంద్. బ్రిటిష్ సైన్యపు చిన్న స్థావరం ఒకదాని మీద ఇద్దరు తాలిబాన్లు కాల్పులు జరిపారు. అపాచీ హెలికాప్టర్ వచ్చి వాళ్లలో ఒకడి మీద 139 రౌండ్లు కాల్చింది. అతన్ని వెతకడానికి రాయల్ మెరీన్స్ (బ్రిటిష్ నౌకాదళానికి చెందిన పోరాట దళం) సార్జెంట్ అలెగ్జాండర్ బ్లాక్‌మన్ తన మనుషులతో పొలంలోకి వెళ్లాడు. ఆ మనిషి ఘోరంగా గాయపడి ఉన్నాడు, కానీ ప్రాణం ఉంది. అతని ఏకే-47, గ్రెనేడ్ తీసేసుకున్నారు. పైనుంచి చూసే నిఘా కెమెరాకు కనబడకుండా అతన్ని పక్కకు లాక్కెళ్లారు. ప్రథమ చికిత్స చేయాలని ఎవరికైనా ఉందా అని ఎగతాళిగా అడగడం కూడా రికార్డయింది. హెలికాప్టర్ దూరం వెళ్లేదాకా ఆగి, బ్లాక్‌మన్ పిస్తోలుతో ఛాతీలో కాల్చాడు. తర్వాత తోటివాళ్లతో, ఈ సంగతి బయటికి పోకూడదు, నేనిప్పుడు జెనీవా ఒప్పందాన్ని ఉల్లంఘించాను అన్నాడు.

ఇదంతా ఒక మెరీన్ హెల్మెట్‌కు ఉన్న కెమెరాలో పడింది. మరుసటి ఏడాది పోలీసులు వేరే వ్యవహారంలో ఒక సైనికుడి లాప్‌టాప్ తనిఖీ చేస్తుంటే ఆ వీడియో బయటపడింది. 2013 నవంబర్‌లో కోర్టు మార్షల్ (సైనిక న్యాయస్థానం) బ్లాక్‌మన్‌ను హత్య కేసులో దోషి అంది. డిసెంబర్‌లో యావజ్జీవం, కనీసం పదేళ్లు లోపల ఉండాలని శిక్ష. అతనితో పాటు నిలబడిన ఇద్దరు మెరీన్లను నిర్దోషులుగా వదిలేశారు.

అప్పీళ్ల సంగతి తర్వాత చెబుతాను. ముందు మీరు చెప్పండి, ఇతన్ని విచారించడం తప్పా?

సూటిగా

తప్పే. మొన్న ఆ మాట రాసింది నేనే, ఇక్కడ కూడా అదే అంటాను. ఆ తాలిబాన్ వాడు పెళ్లికి రాలేదు, చంపడానికి వచ్చాడు. ఆకాశంలోంచి 139 రౌండ్లు కాల్చినవాళ్లది చట్టబద్ధమైన దాడి అంటారు. ఎలాగూ చావబోతున్నవాడికి ఒక్క గుండు వేసినవాడు మాత్రం హంతకుడు. ఆ 139లో ఇంకొక్కటి సరిగా తగిలి ఉంటే అసలు కేసే లేదు కదా? యాభై డిగ్రీల ఎండలో, ఎక్కడ బాంబు పాతారో తెలియని దారిలో రోజూ నడిచేవాణ్ణి ఏసీ గదిలో కూర్చుని తీర్పు చెప్పడం నాకు అన్యాయంగా ఉంది.

మాధవరం సుబేదారు

నాది మిలటరీ మాధవరం. మా తాతగారి కాలం నుంచీ ఇంటికొకరం ఫౌజులో ఉన్నాం. నేను సుబేదారుగా రిటైరయ్యాను. సూటిగా గారూ, మీ కోపంలో జవాను మీద ప్రేమ ఉంది, అందుకు సంతోషం. కానీ మీరు చెప్పిన దాంట్లో అసలు గీత ఎక్కడుందో వదిలేశారు.

హెలికాప్టర్ కాల్చినప్పుడు ఆ మనిషి చేతిలో తుపాకీ ఉంది, అతను పోట్లాటలో ఉన్నాడు. అప్పుడు ఒకటి కాల్చినా వెయ్యి కాల్చినా అది యుద్ధం. అతను కింద పడ్డాక, ఆయుధం మన చేతికి వచ్చాక, అతను మన ఖైదీ. ఆ క్షణం నుంచి అతని ప్రాణం మన జిమ్మా. రంగ్‌రూట్‌గా, అంటే కొత్తగా చేరి శిక్షణలో ఉన్నప్పుడే ఉస్తాద్ ఇది నేర్పిస్తాడు. ఏసీ గదిలో పుట్టిన రూల్ కాదండీ ఇది. 1859లో సోల్ఫెరీనో యుద్ధమైదానంలో వేలమంది గాయపడినవాళ్లు నీళ్లిచ్చే దిక్కులేక పడి ఉండటం హెన్రీ డ్యూనాంట్ అనే స్విస్ వ్యాపారి కళ్లారా చూశాడు. రెడ్‌క్రాస్, మొదటి జెనీవా ఒప్పందం అక్కడినుంచి వచ్చాయి. బురదలో, నెత్తుట్లో పుట్టిన రూల్ అది.

ఇంకో మాట. బ్లాక్‌మన్‌కు రూల్ తెలియదని ఎవరూ అనలేదు. తెలుసని తన నోటితోనే అన్నాడు.

శ్రావ్య_వకీలు

సుబేదారు గారు చెప్పినదానికి చట్టం వైపు నుంచి కొంచెం కలుపుతాను.

1949 నాటి జెనీవా ఒప్పందాలు నాలుగు. నాలుగింటిలోనూ మూడో అధికరణం ఒకటే. ఒక దేశం లోపల, సైన్యం కాని సాయుధ ముఠాలతో జరిగే పోరాటానికి కూడా కనీసం ఇదైనా వర్తించాలని పెట్టుకున్నది అది. ఆయుధం పడేసినవాళ్లను, జబ్బుతోనో గాయంతోనో పోరాడలేని స్థితికి వచ్చినవాళ్లను చంపకూడదు, హింసించకూడదు, గాయపడ్డవాళ్లను తీసుకెళ్లి చికిత్స చేయాలి. అవతలివాడు సంతకం పెట్టాడా, యూనిఫాం వేసుకున్నాడా అన్న షరతు ఇందులో లేదు. "తాలిబాన్లు పాటించరు కదా" అన్న వాదన కోర్టులో నిలవకపోవడానికి కారణం ఇదే.

మనకూ జెనీవా ఒప్పందాల చట్టం 1960 అని ఒకటి ఉంది. 1950 ఆర్మీ చట్టం 41వ సెక్షన్ కూడా చూడండి. పైఅధికారి ఇచ్చిన "చట్టబద్ధమైన" ఆజ్ఞను ధిక్కరిస్తేనే నేరం. ఖైదీని కాల్చెయ్ అన్న ఆజ్ఞ దాని కిందకు రాదు.

సూటిగా

మేడమ్, చట్టం మీరు చెప్పినట్టే ఉందనుకోండి. కెప్టెన్ సౌరభ్ కాలియా సంగతేమిటి? 1999 మేలో కార్గిల్‌లో గస్తీకి వెళ్లి అయిదుగురు జవాన్లతో సహా పాకిస్తాన్ చేతికి చిక్కాడు. జూన్‌లో వాళ్ల శవాలు ఏ స్థితిలో తిరిగొచ్చాయో దేశమంతా చదివి ఏడ్చింది. ఆ పని చేసినవాళ్లలో ఒక్కడైనా కోర్టు మెట్లెక్కాడా? మనం మాత్రం పుస్తకం పట్టుకుని మనవాళ్లను మనమే బోనెక్కించాలా?

విశాఖ_నావిక

మావారు నేవీలో ఉన్నారు కాబట్టి కాలియా పేరు వింటే నాకు గుండె ఆగినంత పనవుతుంది. అందుకే జవాబు రాస్తున్నాను, సూటిగా గారూ.

కాలియా తండ్రి ఇన్నేళ్లుగా ఏమడుగుతున్నారు? నా కొడుకు పట్ల జరిగింది యుద్ధనేరం, అంతర్జాతీయ న్యాయస్థానానికి తీసుకెళ్లండి అని. అందుకోసం సుప్రీంకోర్టు దాకా వెళ్లారు. యుద్ధంలో ఏం చేసినా చెల్లుతుందని మనమే అంటే ఆయన ఏ ముఖంతో అడగాలి? ఏ చట్టం చూపించాలి? అదే కార్గిల్‌లో ఫ్లైట్ లెఫ్టినెంట్ నచికేత పట్టుబడ్డాడు, ప్రాణాలతో తిరిగొచ్చాడు. 2019లో అభినందన్ వర్ధమాన్ వాఘా దాటి నడిచి వస్తుంటే మా క్వార్టర్స్‌లో ఆడవాళ్లందరం టీవీ ముందే ఉన్నాం. అతని ముఖాన రక్తం కారుతున్న వీడియో రాగానే మన ప్రభుత్వం మొదట ఎత్తిచూపింది జెనీవా ఒప్పందాన్నే.

మావారు ఎప్పుడైనా అవతలివాళ్ల చేతికి చిక్కితే నాకు మిగిలేది ఆ కాగితమొక్కటే. దాన్ని మనవాళ్లు చింపేస్తే నేను చప్పట్లు కొట్టలేను.

ఓరుగల్లు_కోట

ఇది పాశ్చాత్యులు మనకు నేర్పారనుకోవడమూ తప్పే. నిద్రపోతున్న ఉపపాండవుల గొంతులు కోసిన అశ్వత్థామను మన ఊళ్లో ఏ హరికథలోనూ వీరుడని చెప్పగా నేను వినలేదు. అతని కోపానికి కారణం ఉంది, తండ్రిని అబద్ధమాడి ఆయుధం కింద పెట్టించి చంపారు. ఆ కారణం నిజమేనని ఒప్పుకుంటూనే మనవాళ్లు అతన్ని దోషిగా నిలబెట్టారు.

లండన్_తెలుగువాడు

నేను అప్పటికే ఇక్కడున్నాను కాబట్టి ఇక్కడ ఏం జరిగిందో చెబుతాను. కృష్ణాతీరం గారు ఆపేసిన చోటి నుంచి.

తీర్పు రాగానే దేశం రెండుగా చీలింది. అప్పటి త్రివిధ దళాల అధిపతి జనరల్ నిక్ హౌటన్ హత్య హత్యే, సైనికుడని సడలింపు కుదరదన్నాడు. ఫాక్లాండ్స్ యుద్ధంలో మెరీన్స్ బ్రిగేడ్‌ను నడిపించిన జూలియన్ థాంప్సన్ శిక్ష తగ్గించమని కోరాడు. ఇద్దరూ సైనికులే అని గమనించాలి. సైనికులంతా ఒకవైపు, మానవ హక్కులవాళ్లంతా ఇంకోవైపు అన్నట్టు చర్చ జరగలేదు.

2014లో అప్పీలు కోర్టు కనీస శిక్షను పదేళ్ల నుంచి ఎనిమిదికి తగ్గించింది. తర్వాత అతని భార్య, మాజీ మెరీన్లు కలిసి పెద్ద ఉద్యమమే నడిపారు. డైలీ మెయిల్ పత్రిక పాఠకులు ఎనిమిది లక్షల పౌండ్లకు పైగా ఇచ్చారు. 2015లో పార్లమెంటు ఎదుట మాజీ సైనికులు పెద్ద సంఖ్యలో నిలబడ్డారు. మా ఆఫీసులో ఒక పెద్దాయన తన పాత ఎర్ర బెల్లం రంగు కోటుకు మెడల్స్ పెట్టుకుని వెళ్లొచ్చాడు. చివరికి 2017 మార్చిలో ఐదుగురు జడ్జిల ధర్మాసనం హత్య తీర్పును కొట్టేసి, మానసిక స్థితి దెబ్బతిని ఉండగా చేసిన నరహత్యగా మార్చింది. ఏడేళ్ల శిక్ష. అప్పటికే గడిపిన కాలం లెక్కలోకి వచ్చి ఏప్రిల్ 28న విడుదలయ్యాడు.

డాక్టర్_కర్నూలు

ఆ మానసిక స్థితి గురించి రెండు మాటలు, ఇది నా వృత్తికి సంబంధించింది కనుక.

ముగ్గురు సైకియాట్రిస్టులు అతనికి అడ్జస్ట్‌మెంట్ డిజార్డర్ ఉందని చెప్పారు. ఇది పిచ్చి కాదు. తట్టుకోలేని ఒత్తిడి చాలాకాలం మీద పడినప్పుడు మనిషి ఆలోచనా, కోపం మీద పట్టూ మారిపోతాయి. ఆ నెలల్లో అతని పరిస్థితి చూడండి. ఆఫ్ఘన్‌కు బయల్దేరే ముందు తండ్రి పోయాడు. మారుమూల చిన్న స్థావరం. నిద్ర సరిగా లేదు. తోటివాళ్లు చనిపోయారు. పేలుడులో తెగిన ఒక బ్రిటిష్ సైనికుడి అవయవాన్ని చెట్టుకు వేలాడదీశారు. పైఅధికారులు వచ్చి పలకరించింది తక్కువ. 2013 విచారణలో ఈ వాదన రానేలేదు. ఆ తాలిబాన్ అప్పటికే మరణించాడనుకుని శవాన్ని కాల్చానని బ్లాక్‌మన్ చెప్పాడు, తీర్పు చెప్పే సైనికాధికారుల బోర్డు నమ్మలేదు. తన మానసిక స్థితి గురించి ఎందుకు చెప్పలేదంటే, మనసు బాగాలేదు అని సైనికుడు ఒప్పుకోవడం ఎంత కష్టమో నా దగ్గరికి వచ్చే మాజీ జవాన్లను చూస్తే నాకు తెలుసు. భార్య తీసుకొస్తే తప్ప రారు. వచ్చాక కూడా నిద్ర మాత్ర ఇవ్వండి చాలు అంటారు.

కెమెరాకు కనపడకుండా లాగాడు, హెలికాప్టర్ వెళ్లేదాకా ఆగాడు, అంటే బుర్ర పనిచేస్తోంది కదా అని మీకనిపించవచ్చు. ప్రాసిక్యూషన్ కూడా అదే అంది. కానీ జాగ్రత్తపడే తెలివి ఉండటం, కోపాన్ని ఆపుకునే శక్తి ఉండటం రెండూ ఒకటి కావు. 2017 తీర్పు నాకు వైద్యపరంగా సబబుగానే కనిపించింది. అందులోనూ అతను నిర్దోషి అనలేదు, గమనించండి. నేరం నిలిచింది, దాని బరువు తగ్గింది.

సూటిగా

డాక్టర్ గారూ, మీరు చెప్పింది ఒప్పుకుంటున్నాను. మరి ఆ స్థితిలోకి అతన్ని నెట్టినవాళ్ల సంగతి? పలకరించని పైఅధికారులకు ఏ శిక్ష పడింది? నా అసలు మంట అది. ఎప్పుడూ సార్జెంటే దొరుకుతాడు.

కృష్ణాతీరం

ఇది చాలా బలమైన మాట, దీన్ని నేను కాదనను. అదే ప్రాంతంలో వేరే మెరీన్ దళాన్ని నడిపిన కల్నల్ ఆలివర్ లీ, ఈ కేసులో పైవాళ్ల వైఫల్యాల గురించి సాక్ష్యం చెప్పనివ్వలేదని నిరసనగా ఉద్యోగమే వదిలేశాడు. సైన్యం లోపల చేసుకున్న సమీక్షలో కొంత భాగం మాత్రమే బయటికి ఇచ్చారు, అందులోనూ నల్ల గీతలే ఎక్కువ. కోర్టు బోనులో మాత్రం ఒక సార్జెంటు, అతని కింది మెరీన్లు.

వియత్నాంలోనూ ఇంతే. 1968 మార్చి 16న మైలాయ్‌లో అమెరికా సైనికులు ముసలివాళ్లను, ఆడవాళ్లను, పసిపిల్లలను వరసపెట్టి చంపారు. వియత్నాం లెక్క 504 మంది. అమెరికా సైన్యం దాన్ని గొప్ప విజయంగా చెప్పుకుంది, ఏడాదిన్నర పైగా నిజం జనానికి తెలియలేదు. రాన్ రైడెన్‌అవర్ అనే మాజీ సైనికుడు తను విన్నదంతా పార్లమెంటు సభ్యులకు ఉత్తరాలు రాశాకే విచారణ కదిలింది. చివరికి శిక్ష పడింది లెఫ్టినెంట్ విలియం కాలీ ఒక్కడికే. కనీసం 22 మందిని చంపినట్టు 1971లో తేల్చి యావజ్జీవం వేశారు. అధ్యక్షుడు నిక్సన్ జోక్యంతో జైలుకు బదులు గృహనిర్బంధంలోకి వెళ్లాడు. శిక్ష ఇరవైకి, తర్వాత పదేళ్లకు తగ్గింది, 1974లో బయటికొచ్చాడు. అతని పైఅధికారి కెప్టెన్ ఎర్నెస్ట్ మెడీనా నిర్దోషిగా బయటపడ్డాడు.

కానీ సూటిగా గారూ, దీని నుంచి నేను తీసే ముగింపు వేరు. పైవాళ్లను కూడా లాగండి అని అడగాలి. పైవాళ్లు దొరకలేదు కాబట్టి కిందివాణ్ణి వదిలేయండి అంటే చనిపోయినవాళ్లకు మొత్తానికే ఎవరూ జవాబు చెప్పనట్టవుతుంది.

మాధవరం సుబేదారు

మైలాయ్ మాట వచ్చింది కాబట్టి హ్యూ థాంప్సన్ గురించి చెప్పకుండా ఉండలేను. యూనిట్‌లో పిల్లలకు నేను చాలాసార్లు చెప్పిన సంగతి ఇది.

ఆయన హెలికాప్టర్ పైలట్, వయసు పాతిక లోపు. పైనుంచి చూస్తే కందకంలో శవాలు, కొందరింకా కదులుతున్నారు. సొంత సైనికులకూ, ప్రాణాలు దక్కించుకోవడానికి పరిగెడుతున్న పల్లె జనానికీ మధ్య హెలికాప్టర్ దించాడు. మనవాళ్లు వీళ్లమీద కాలిస్తే మీరు మనవాళ్ల మీద కాల్చండి అని తన ఇద్దరు గన్నర్లకు, లారెన్స్ కోల్‌బర్న్‌కు, గ్లెన్ ఆండ్రియోటాకు చెప్పాడు. ఒక్కసారి ఆలోచించండి, ఎంత గుండె కావాలో. జనాన్ని వేరే హెలికాప్టర్లు పిలిపించి తరలించాడు. కందకంలోంచి ఆండ్రియోటా ఒక పిల్లవాణ్ణి బతికుండగా బయటికి తీశాడు. ఇంటికెళ్లాక థాంప్సన్‌కు చావు బెదిరింపులు వచ్చాయి. ఆయన్నే శిక్షించాలని పార్లమెంటు కమిటీలో పెద్దమనుషులు కొందరు చూశారు. మెడల్ ఇవ్వడానికి 1998 దాకా, ముప్పై ఏళ్లు పట్టింది. ఆండ్రియోటా అప్పటికి లేడు, మైలాయ్ తర్వాత కొద్ది వారాలకే యుద్ధంలో పోయాడు.

కాలీని వదిలేయమన్నవాళ్లు జవానుకు అండగా ఉన్నామనుకున్నారు. థాంప్సన్ జవాను కాడా?

2012లో కాందహార్‌లో అమెరికన్ లెఫ్టినెంట్ క్లింట్ లారెన్స్ మోటార్‌సైకిల్ మీద వచ్చిన ముగ్గురి మీద కాల్పించాడు, ఇద్దరు చనిపోయారు. అతని మీద ఫిర్యాదు చేసిందీ, కోర్టులో సాక్ష్యం చెప్పిందీ సొంత ప్లటూన్ కుర్రాళ్లే. 2019 నవంబర్‌లో ట్రంప్ అతనికి క్షమాభిక్ష పెట్టాడు. అప్పుడు ఆ కుర్రాళ్లకు ఎలా ఉండి ఉంటుంది? జవాను వైపు అంటే ఏ జవాను వైపు, ముందు అది తేల్చుకోవాలి మనం.

నిర్వాహకుడు

ఒక మతాన్ని తిడుతూ వచ్చిన రెండు పోస్టులు తీసేశాను. చర్చ బాగా సాగుతోంది, దయచేసి ఇలాగే కొనసాగించండి.

సూటిగా

సుబేదారు గారూ, థాంప్సన్ సంగతి నాకు ఇంతకుముందు తెలియదు. ఆయనకు దండం పెట్టాల్సిందే. మైలాయ్ లాంటిదాన్ని నేను సమర్థించడం లేదు, పసిపిల్లలను చంపినవాడు నాకు సైనికుడే కాదు.

కానీ అన్ని కేసులూ అంత తేటగా ఉండవు. బ్రిటన్‌లో ఇరాక్ ఆరోపణల మీద ప్రత్యేక దర్యాప్తు సంస్థ పెట్టి, మూడు వేలకు పైగా ఆరోపణలు తీసుకుని, సైనికుల ఇళ్లకు ఏళ్ల తరబడి నోటీసులు పంపారు. ఒక్క ప్రాసిక్యూషన్ కూడా రాకుండానే 2017లో మూసేశారు. కేసులు తెచ్చిన లాయర్ ఫిల్ షైనర్ మోసాలు బయటపడి అదే ఏడాది వృత్తి నుంచి బహిష్కరించబడ్డాడు. ఆ ఏళ్లు ఆ ఇళ్లలో ఎంత టెన్షన్ ఉండి ఉంటుంది? ఉత్తర ఐర్లండ్‌లో చూస్తే, 1972లో ఊరేగింపు మీద బ్రిటిష్ సైనికులు కాల్పులు జరిపిన 'బ్లడీ సండే' ఘటనకు, పేరు బయటపెట్టకుండా సోల్జర్ ఎఫ్ అని పిలిచే మాజీ సైనికుణ్ణి 2025లో విచారించి చివరికి నిర్దోషి అన్నారు. యాభై ఏళ్ల తర్వాత ఎవరికి ఏం గుర్తుంటుంది? నా భయం ఇది. రూల్ మంచిదే కావచ్చు, దాన్ని పట్టుకుని తిరిగేవాళ్ల చేతిలో జవాను నలిగిపోతాడు.

లండన్_తెలుగువాడు

షైనర్ విషయంలో మీతో పూర్తిగా ఏకీభవిస్తాను. అబద్ధపు ఆరోపణలు తెచ్చి ఆయన సైనికులనే కాదు, నిజంగా హింసకు గురైన ఇరాకీలనూ దెబ్బకొట్టాడు. ఇక ఎవరు నోరు తెరిచినా డబ్బు కోసమే అనే అనుమానం పుట్టించాడు.

అయితే ఆ గొడవలో బహా మూసా మరుగున పడకూడదు. బస్రాలో హోటల్ రిసెప్షనిస్టు. 2003 సెప్టెంబర్‌లో బ్రిటిష్ సైన్యం కస్టడీలో చనిపోయాడు, ఒంటి మీద 93 గాయాలున్నాయి. ఏడుగురిని కోర్టు మార్షల్ చేస్తే శిక్ష పడింది ఒక కార్పొరల్‌కు, ఏడాది జైలు. అది కూడా అమానుషంగా ప్రవర్తించానని తనే ఒప్పుకున్నాడు కాబట్టి.

బ్లడీ సండే విచారణ యాభై ఏళ్లకు ఎందుకు వచ్చిందో కూడా చూడాలి కదండీ. 1972లో జరిగిన మొదటి విచారణ వారాల్లో ముగిసి సైనికులను దాదాపుగా కడిగేసింది. చనిపోయినవాళ్లు ఏ తప్పూ చేయలేదని 2010లో రెండో విచారణ తాలూకు సావిల్ నివేదిక తేల్చాక ప్రధాని కామెరాన్ పార్లమెంటులో క్షమాపణ చెప్పాడు. అప్పుడే సరిగ్గా విచారించి ఉంటే దోషికి శిక్ష పడేది, నిర్దోషి పేరు కూడా యాభై ఏళ్లు నలిగేది కాదు. ఆలస్యంగా చేసే విచారణ సైనికుడికి అన్యాయమంటే నాకూ సమ్మతమే. దానికి మందు వెంటనే నిజాయితీగా విచారించడం. 2021లో ఇక్కడ ఒక చట్టం చేశారు, విదేశాల్లో జరిగిన ఘటనలకు ఐదేళ్లు దాటితే సాధారణంగా ప్రాసిక్యూట్ చేయకూడదని. యుద్ధనేరాలను, హింసించడాన్ని అందులోంచి మినహాయించారు. మొదటి ముసాయిదాలో ఆ మినహాయింపు లేదు, మాజీ సైన్యాధికారులు కూడా గట్టిగా అడిగాకే వచ్చింది.

ఓరుగల్లు_కోట

అందరం బ్రిటన్, అమెరికా అంటున్నాం. మన దగ్గర సంగతి ఎవరైనా రాయండి. శ్రావ్య గారూ?

శ్రావ్య_వకీలు

రాస్తాను. కొంచెం పొడుగవుతుంది.

మన సైన్యం ఇటీవలి దశాబ్దాల్లో ఎక్కువకాలం పోరాడింది దేశం లోపలే, కశ్మీర్‌లో, ఈశాన్యంలో. అక్కడ సాయుధ దళాల ప్రత్యేకాధికారాల చట్టం ఉన్నచోట కేంద్రం అనుమతి లేకుండా సైనికుడి మీద మామూలు కోర్టులో కేసు నడవదు. ఆర్మీ చట్టం 70వ సెక్షన్ ప్రకారం పౌరుణ్ణి హత్య చేసిన కేసు కోర్టు మార్షల్‌కు పోకూడదు గానీ, యాక్టివ్ సర్వీస్‌లో, అంటే పోరాట విధుల్లో ఉండగా జరిగితే పోవచ్చు. కాబట్టి చాలా కేసులు సైన్యం చేతికే వెళ్తాయి.

2000 మార్చిలో కశ్మీర్‌లోని చిట్టీసింగ్‌పురాలో 35 మంది సిక్కులను ఉగ్రవాదులు కాల్చి చంపారు. అయిదు రోజుల తర్వాత పత్రిబల్‌లో భద్రతా దళాలు అయిదుగురిని చంపి, ఆ హంతకులు వీళ్లే అని ప్రకటించాయి. చనిపోయింది మామూలు పల్లెవాళ్లని సీబీఐ తేల్చి సైన్యాధికారుల మీద ఛార్జిషీటు వేసింది. 2012లో సుప్రీంకోర్టు నిర్ణయాన్ని సైన్యానికి వదిలింది, కోర్టు మార్షల్ చేస్తారో లేదో చెప్పమంది. సైన్యం కేసు తీసుకుంది. 2014 జనవరిలో సాక్ష్యం చాలదని మూసేసింది.

2010లో మచిల్. ముగ్గురు యువకులను సైనికులు సరిహద్దు దగ్గరికి తీసుకెళ్లి చొరబాటుదార్లని చెప్పి చంపారు. ఇక్కడ సైన్యమే కోర్టు మార్షల్ చేసి ఇద్దరు అధికారులతో సహా పలువురికి యావజ్జీవం వేసింది. 2017లో సాయుధ దళాల ట్రిబ్యునల్ ఆ శిక్షను నిలిపేసి బెయిలిచ్చింది. 2020లో అంషీపురాలో రజౌరీ నుంచి వచ్చిన ముగ్గురు కూలీల కేసు కూడా అంతే, కెప్టెన్‌కు యావజ్జీవం సిఫారసు అయ్యింది, 2023 నవంబర్‌లో ట్రిబ్యునల్ నిలిపేసింది.

నాగాలాండ్‌లోని ఓటింగ్ అనే ఊళ్లో జరిగింది మాత్రం నన్ను ఎక్కువ బాధపెడుతుంది. 2021 డిసెంబర్ 4 సాయంత్రం బొగ్గు గనిలో పని ముగించుకుని పికప్ వాహనంలో ఇంటికొస్తున్న కూలీల మీద మిలిటెంట్లనుకుని స్పెషల్ ఫోర్సెస్ కాల్పులు జరిపింది. ఆరుగురు పోయారు. వెతుక్కుంటూ వచ్చిన ఊరివాళ్లతో జరిగిన గొడవలో ఇంకొందరు, ఒక జవాను కూడా. రాష్ట్ర ప్రత్యేక దర్యాప్తు బృందం ఒక మేజర్‌తో సహా 30 మంది మీద ఛార్జిషీటు వేసింది. 2023లో కేంద్రం అనుమతి నిరాకరించింది.

సూటిగా

ఇవి యుద్ధరంగం కేసులు కావు కదా మేడమ్. నేను మాట్లాడింది శత్రువు గురించి. సొంత దేశపు కూలీని చంపి మిలిటెంట్ అని చెప్పడాన్ని ఎవరు సమర్థిస్తారు? మచిల్‌లో సైన్యం తనంతట తానే శిక్ష వేసిందంటే నాకు సైన్యం మీద గౌరవం పెరిగింది. ఓటింగ్‌లో అయితే పొరపాటా, కావాలని చేశారా అన్నది తేలాలి. పొరపాటుకు హత్య కేసు పెడితే రేపు ఎవడూ ట్రిగ్గర్ నొక్కడు.

మాధవరం సుబేదారు

తేలాలి అన్నారు చూడండి, నేనూ అదే అంటున్నాను. తేలాలంటే విచారణ జరగాలి. అనుమతి ఇవ్వకపోతే తేలేది ఎక్కడ? పొరపాటని నిరూపణ అయితే ఆ కుర్రాళ్లు తలెత్తుకుని తిరుగుతారు. ఇప్పుడు ఇటూ కాదు, అటూ కాదు. అక్కడి జనం వాళ్లను హంతకులనే అనుకుంటారు, ఆ అనుమానం రేపు ఆ దారిలో గస్తీకి వెళ్లే ప్రతి జవాను మీదా పడుతుంది. ఊరివాళ్లు కబురివ్వడం మానేస్తే లోపలి ప్రాంతాల్లో సైన్యానికి కళ్లు పోయినట్టే. ఇది నేను పనిచేసిన చోట చూశాను. ఒక్క చెడ్డ ఆపరేషన్ తర్వాత మాకు మంచినీళ్లిచ్చే ఇల్లు కూడా తలుపేసుకుంది.

1990లలో జనరల్ బీసీ జోషి జవాన్లకు పది ఆజ్ఞలు ఇచ్చారు. జనంతో మర్యాదగా ఉండటం, అవసరానికి మించి బలం వాడకపోవడం, హింసించకపోవడం అందులో ఉన్నాయి. జేబులో కార్డు పెట్టుకుని తిరిగేవాళ్లం. శ్రావ్య గారూ, సైన్యం మాకిచ్చే చేయవలసినవి, చేయకూడనివి అన్న జాబితాకు చట్టం బలం ఉందా లేక మాకు నీతిపాఠమేనా? ఓటింగ్ కేసు ఇప్పుడు పూర్తిగా ముగిసినట్టేనా?

విశాఖ_నావిక

శ్రావ్య గారు చెప్పేలోపు ఒక్క మాట. బ్లాక్‌మన్ కేసు గురించి ఇందాక మళ్లీ చదివాను. చనిపోయిన ఆ అఫ్ఘాన్ మనిషి ఎవరో కోర్టుకు కూడా తెలియలేదు. తీర్పులన్నింటిలో అతనికి పేరు లేదు. బ్లాక్‌మన్ భార్య ఎంత పోరాడిందో చదివి నేను ఏడ్చాను, నేనైనా అలాగే పోరాడతాను. అవతలి ఇంట్లో ఎవరున్నారో, వాళ్లకు ఈ కేసు నడిచిన సంగతైనా తెలుసో లేదో. ఇంత చర్చలో ఆ ఇంటి గురించి ఎవరం రాయలేదని రాస్తున్నాను.

శ్రావ్య_వకీలు

సుబేదారు గారూ, మీ మొదటి ప్రశ్నకు జవాబు: ఉంది. 1997లో నాగా పీపుల్స్ మూవ్‌మెంట్ కేసులో సుప్రీంకోర్టు ప్రత్యేకాధికారాల చట్టాన్ని సమర్థిస్తూనే, సైన్యం ఇచ్చుకున్న ఆ చేయవలసినవి, చేయకూడనివి పాటించి తీరాలని చెప్పింది. 2016లో మణిపూర్ కేసులో 1,528 మరణాల మీద విచారణ కోరినప్పుడు జస్టిస్ మదన్ లోకూర్, జస్టిస్ యూయూ లలిత్ ధర్మాసనం ఇంకొంచెం ముందుకెళ్లింది. చనిపోయినవాడు మిలిటెంటే అయినా, కల్లోలిత ప్రాంతమే అయినా, అవసరానికి మించిన బలం వాడారన్న ఆరోపణ వస్తే విచారణ జరగాల్సిందే అంది.

రెండోది. ఓటింగ్‌లో అనుమతి నిరాకరణను సవాలు చేస్తూ నాగాలాండ్ ప్రభుత్వమే సుప్రీంకోర్టుకు వెళ్లింది, 2024 జులైలో కేంద్రానికి నోటీసు వచ్చింది. అదే ఏడాది సెప్టెంబర్ 17న, ఆ అధికారుల భార్యలు వేసిన పిటిషన్ల మీద కోర్టు క్రిమినల్ కేసును ముగించింది. అయితే ఎప్పుడైనా అనుమతి వస్తే కేసు చట్టప్రకారం కొనసాగించవచ్చని అందులోనే రాసింది. సైన్యం తనంతట తాను క్రమశిక్షణ చర్య తీసుకోవడానికీ ఈ ఉత్తర్వు అడ్డు కాదు. అంటే ముగిసిందని చెప్పలేం. ఫైలు ఢిల్లీలో ఉంది, సంతకం పెట్టే అధికారం కేంద్రానిది.